మత్తడి మూసి కట్ట పోశాను

పొద్దున్నే వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, ముగ్గుగిన్నెతో వచ్చిన అమ్మ గేటు దగ్గర ఆగిపోయింది. తాను చుక్కలు పెట్టాల్సిన చోట అప్పటికే చుక్కలున్నాయి. నల్లగా, నిగనిగలాడుతూ, నాలుగు. వాటికి సరిగ్గా పైన బాపు బుల్లెట్టు. రాత్రి నేనే తెచ్చి నిలబెట్టాను.

“నేనూ చుక్కలే పెడుత, నువ్వూ చుక్కలే పెట్టవడితివి. నా చుక్కలకు లెక్కుంటది కొడుకా, నీయే లెక్క తప్పినయ్” అంది.

ఆమె నవ్వుతూనే అంది. నాకే నవ్వు రాలేదు. ఆ ఇంజనును విప్పింది నేను, కడిగింది నేను, బిగించింది నేను. ఐదు నెలల ఆదివారాలు దానికే పోశాను. కాలేజీలో స్టాఫు రూములో రోజూ దాని కబుర్లే చెప్పాను. ఒక తోటి లెక్చరరు “బుల్లెట్టన్నాక ఆయిలు కారకుండా ఉంటుందా?” అంటే, “విప్పేవాడికి చేతనైతే కారదు” అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు గేటు దగ్గర నాలుగు చుక్కలై పడి ఉంది.

మాది హనుమకొండ. ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్తాను. బాపు చిన్న నీటి పారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. చెరువు కట్టలు, తూములు, నిండిన నీళ్లు పొర్లిపోయే మత్తడులు ఆయన లోకం. 1978 నాటి బుల్లెట్టు మీద ఊరూరూ తిరిగేవాడు. కుడి కాలితో గేరు, ఎడమ కాలితో బ్రేకు ఉండే పాత బండి అది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైనప్పుడు ఇంగ్లండులోని రెడ్డిచ్ నుంచి వచ్చిన నమూనానే, పెద్దగా మార్పుల్లేకుండా, దశాబ్దాల పాటు మన రోడ్ల మీద తిరిగింది. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ, పోత ఇనుము బ్లాకు. ఇంజనాయిలుకు విడిగా ట్యాంకు ఉండదు. క్రాంకు ఉండే చాంబరు పోతలోనే వెనకవైపు ఒక అర ఉంటుంది, రెండు లీటర్ల పైచిలుకు నూనె అందులోనే. ఒక పంపు నూనెను క్రాంకుకు పంపుతుంది, ఇంకో పంపు కింద చేరిన నూనెను తోడి వెనక్కి ఇస్తుంది. బాపు పోయాక పదకొండేళ్లు ఆ బండి రేకుల షెడ్డులో గోనెసంచుల కింద పడి ఉంది.

నేను చేసిన తప్పులు ఒకటి రెండు కావు. అన్నింటినీ వరసగా ఒప్పుకుంటేనే మీకు పనికొస్తాయి.

మొదటిది, చాంబరు విప్పేటప్పుడు. ఈ ఇంజను చాంబరు నిలువునా రెండు ముక్కలు. మధ్యలో కాగితం ప్యాకింగ్ ఉండదు, రెండు అల్యూమినియం ముఖాలు పలచని పేస్టు పూతతో ఒకదానికొకటి అతుక్కుంటాయి. నలభై ఏళ్ల కింద పూసిన పేస్టు రాయిలా గట్టిపడింది. బోల్టులన్నీ తీసినా ముక్కలు కదల్లేదు. వేడినీళ్లు పోసి, చెక్కసుత్తితో బలమైన చెవుల దగ్గర అటూ ఇటూ మెల్లగా తట్టాల్సింది. అంత ఓపిక ఎక్కడిది? స్క్రూడ్రైవరు కొసను సందులో పెట్టి ఎత్తాను. టక్కున ఊడింది. శభాష్ అనుకున్నాను కూడా. తర్వాత చూస్తే అడుగు వైపున, కింది బోల్టుకు వేలెడు దూరంలో, ముఖం మీద గాటు. గోరుతో గీస్తే గోరు తట్టుకునేంత లోతు. “పేస్టు పూస్తే అదే నిండుతుందిలే” అనుకున్నాను. ఈ “అదే నిండుతుందిలే” అన్న మాట ఆ ఐదు నెలల్లో ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

రెండోది, మూతల ముఖాలు శుభ్రం చేయడం. పాత ప్యాకింగ్ ముక్కలు అక్కడక్కడా అతుక్కుని ఉన్నాయి. గరుకు కాగితం తీసుకుని అంట్లు తోమినట్టు తోమాను. తళతళలాడింది, మురిసిపోయాను. వేళ్ల కింద కాగితం మడిచి తోమితే ఏమవుతుంది? అంచులు గుండ్రబడతాయి, మెత్తని చోట పల్లం పడుతుంది, మొత్తం ముఖం కంటికి కనిపించని అలలా తయారవుతుంది. పైగా ఆ గరుకు రజను బేరింగుల్లోకి చేరితే నమిలేస్తుంది. ముఖం మెరవాల్సిన పని లేదు, చదునుగా ఉంటే చాలు. ఈ రెంటికీ తేడా నాకు అప్పుడు తెలియలేదు.

మూడోది ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. చాంబరు నుంచి బయటికి వచ్చే గాలిగొట్టం చివర నల్లటి రబ్బరు ముక్క ఒకటి ఉంది. బాతు ముక్కులా అణిగిపోయి, పెదవులు రెండూ అతుక్కుని ఉన్నాయి. ఊది చూడలేదు, ఎవరినీ అడగలేదు. “పాతబడి మూతి మూసుకుపోయింది” అని తీర్మానించి చెత్తబుట్టలో వేశాను. దాని బదులు అందమైన కొత్త పారదర్శకపు గొట్టం కొని, క్లిప్పు పెట్టి బిగించాను. నేను లోపమనుకున్నది దాని పనితనం. అది తెలిసే సరికి చాలా నూనె కారిపోయింది.

అయినా మొదటిసారి కిక్కు కొట్టినప్పుడు బండి లేచింది. ఐదు నిమిషాలు నడిపాను. ఎక్కడా చెమ్మ లేదు. అమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చప్పుడు విని పదకొండేళ్లయింది.

* * *

ఆ తర్వాత మేనకోడలి పెళ్లి పనులు వచ్చి పడ్డాయి. బండి మూడు వారాలు కదలకుండా నిలబడింది. పెళ్లయ్యాక ఆయిలు కడ్డీ తీసి చూస్తే నూనె బాగా కిందికి దిగి ఉంది. కింద నేల మీద ఒక్క చుక్క లేదు. మరి నూనె ఏమైనట్టు? ఫిజిక్సు మాస్టారుకు ఆ ప్రశ్న రావాలి కదా. రాలేదు. అర లీటరు తెచ్చి పోశాను.

నూనె ఎక్కడికీ పోలేదు. ఇలాంటి ఇంజను వారాల తరబడి ఊరికే నిలబడితే, ట్యాంకు అరలోని నూనె పంపు సందుల్లోంచి మెల్లగా జారి, క్రాంకు తిరిగే గదిలో చేరుతుంది. కడ్డీ మీద తక్కువ కనిపిస్తుంది గానీ లోపల మొత్తం నూనె అంతే. చాంబరు కింది డ్రైను బోల్టు తీసి చేరిన నూనెను బయటికి వదిలినా సరే, లేదా ముందు కాసేపు నడిపి, వెనక్కి తోడే పంపు తన పని చేశాక కడ్డీ చూసినా సరే. నేను రెండూ చేయకుండా ఉన్న నూనె మీద ఇంకా పోశాను.

స్టార్టు చేయగానే సైలెన్సరు నుంచి తెల్లని పొగ. నా అందమైన గొట్టం చివరి నుంచి నూనె చుక్కలు చుక్కలుగా కక్కింది. క్రాంకు చక్రాలు నూనెలో మునిగి తిరుగుతుంటే కక్కక ఏం చేస్తుంది? నాకు మాత్రం అది “లీకేజీ”గా కనిపించింది. లీకును ఆపాలి. గొట్టం కొసలో ఒక స్క్రూ తిప్పి, క్లిప్పు పెట్టి బిగించాను. చుక్క ఆగింది. చేతులు తుడుచుకున్నాను.

ఆ సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట దాకా వెళ్లి వచ్చాను. మర్నాడు పొద్దున గేటు దగ్గర నాలుగు చుక్కలు.

ఒకటి టాపెట్ మూత కింద. బ్లాకు పక్కన ఒకే ఒక నట్టుతో నిలిచే చిన్న మూత అది. ఇంకోటి టైమింగ్ కవరు అడుగున. మూడోది ఎడమవైపు ప్రైమరీ చైను కవరు కింద. నాలుగోది, మీరు ఊహించినట్టే, ఆ గాటు దగ్గర.

ఒకేసారి నాలుగు చోట్ల కారుతోందంటే, నాలుగింటికీ కలిపి ఒకే కారణం ఉందేమో అని మనిషికి తట్టాలి. నాకు నాలుగు వేర్వేరు రోగాలు కనిపించాయి. నాలుగింటికీ ఒకే మందు అనుకున్నాను, ఎర్ర సిలికాన్ పేస్టు.

ట్యూబు మొత్తం ఖాళీ చేశాను. టైమింగ్ కవరు ముఖం మీద చపాతీకి నెయ్యి రాసినట్టు దట్టంగా పట్టించి మూశాను. బిగిస్తుంటే బయటికి తీగలా పొంగుకొచ్చింది. దాన్ని వేలితో నున్నగా తుడిచి, బాగానే పట్టిందనుకున్నాను. బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగి ఉంటుందని, దాన్ని తుడవడానికి అక్కడ వేలు లేదని తోచలేదు.

తర్వాత బిగింపు. కారుతోంది కాబట్టి ఇంకొంచెం టైటు చేయాలి. అందరూ అనేది అదే, నేనూ అదే చేశాను. ప్రైమరీ కవరును మధ్యలో ఒకే నట్టు పట్టి ఉంచుతుంది, చుట్టూ రబ్బరు రింగు. ఆ నట్టును పానాకు గొట్టం తొడిగి మరీ బిగించాను. మధ్యలో నొక్కేసరికి రేకు డబ్బా మూతలా కవరు వంగింది, అంచులు లేచాయి. ముందు చుక్కగా పడేది ఇప్పుడు ధారగా కారింది. టైమింగ్ కవరు స్క్రూ ఒకటి బిగుస్తూ బిగుస్తూ ఒక్కసారిగా వెన్నలో తిరిగినట్టు తిరిగింది. అల్యూమినియంలో మరలు పోయాయి. ఆ మెత్తదనం చేతికి తెలిసిన క్షణాన కడుపులో చల్లగా అయింది. పానా పట్టిన ఎవరిని అడిగినా చెప్తారు, ఆ క్షణం ఎలా ఉంటుందో.

అలాగే నడిపాను. రెండో రోజు ములుగు రోడ్డు మీద పైనుంచి కిటకిటమని చప్పుడు మొదలైంది. పొడిబారిన తలుపు బందు చప్పుడులాంటిది. అప్పుడు భయం వేసింది. బండి ఆపేసి, ట్రాలీ ఆటోలో ఎక్కించి చాచా దగ్గరికి తీసుకెళ్లాను.

* * *

చాచా బాపు కాలం నుంచీ బుల్లెట్లు బాగుచేస్తున్నాడు. మట్టెవాడలో ఒక సందులో, వేపచెట్టు కింద షాపు. ఐదు నెలల కిందే ఆయన దగ్గరికి వెళ్లాల్సింది. “ఇంత చదువుకుని ఇంజను ఒకటి విప్పలేమా” అన్న పొగరు నన్ను వెళ్లనివ్వలేదు.

పానా ముట్టుకోకుండా, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎర్ర పేస్టు చూసి ఏమీ అనలేదు. వంగి గొట్టం పట్టుకున్నాడు. కొసలో స్క్రూ చూశాడు.

“ఇదెవరు వెట్టిండ్రు సారూ?”

“నేనే చాచా. ఆయిలు కారుతుంటే...”

క్లిప్పు వదులు చేసి స్క్రూ లాగాడు. ఒక కిక్కు కొట్టమని, తన బొటనవేలిని గొట్టం కొసకు అడ్డం పెట్టాడు. ఫుస్సుమని గాలి ఆయన వేలిని తోసింది. నా చేతిని లాగి నా వేలు కూడా పెట్టించాడు.

“మీ బాపు జిందగీ అంత చెరువుల కాడనే చేసిండు గద. మత్తడి మూసేస్తే కట్ట ఏమైతది?”

నేను మాట్లాడలేదు.

“గండి వడ్తది. ఒక్క తాన మూస్తే ఇంకో తాన వడ్తది. నువ్వు మత్తడి మూసి, కట్ట మీద మట్టి వోసుకుంట తిరిగినవ్. కట్టది తప్పు గాదు సారూ.”

అంతకుముందు నెలే తరగతిలో బాయిల్ సూత్రం చెప్పాను. ఘనపరిమాణం తగ్గితే పీడనం పెరుగుతుందని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ దాని కింద ఉన్న గాలికి 346 ఘన సెంటీమీటర్ల చోటు తగ్గుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే అది సెకనుకు యాభై సార్లు జరుగుతుంది. దానికి తోడు, మండిన వాయువు కొంత రింగుల పక్కనుంచి కిందికి జారుతుంది. కొత్తగా బోరు చేసి కొత్త రింగులు వేసిన ఇంజనులో అవి బోరుకు ఒదిగే దాకా ఈ జారుడు ఇంకా ఎక్కువ. ఇంత గాలికీ బయటికి ఉన్న దారి ఒక్కటే. ఆ ఒక్కదానికీ స్క్రూ పెట్టాను. లోపలి గాలి ఏ ముఖం బలహీనంగా ఉంటే దాన్ని తోస్తుంది, ముందు నూనె నిలిచి ఉంటే దాన్ని నెట్టుకుంటూ బయటికి వస్తుంది. నాలుగు చోట్ల కారింది నాలుగు రోగాల వల్ల కాదు, ఒక్క ఊపిరి బిగబట్టడం వల్ల.

నేను పారేసిన బాతుముక్కు రబ్బరు పని కూడా అప్పుడే తెలిసింది. పిస్టన్ దిగినప్పుడు దాని పెదవులు తెరుచుకుని గాలిని వదులుతాయి. పిస్టన్ లేచినప్పుడు అతుక్కుపోయి బయటి గాలిని రానివ్వవు. అలా నడుస్తున్నంతసేపూ చాంబరు లోపల పీడనం బయటికంటే కాస్త తక్కువగానే ఉంటుంది. నూనె బయటికి రావాలనుకోదు, లోపలికే లాగబడుతుంది. ముఖాల్లో చిన్నాచితకా లోపాలున్నా ఈ తక్కువ పీడనం వాటిని కాస్తుంది. మూతి మూసుకుని ఉండడమే ఆ రబ్బరు ఆరోగ్యం. గట్టిపడినా, చీలినా మార్చాలి. చాచా తన డబ్బాలోంచి కొత్తది ఒకటి తీసి ఇచ్చాడు. దాని ఖరీదు ఆ రోజు ఇద్దరం తాగిన చాయ్‌లకంటే పెద్ద ఎక్కువేం కాదు.

ఇక కిటకిట చప్పుడు. పైన వాల్వులను నొక్కే రాకర్లకు నూనె తీసుకెళ్లే సన్నని గొట్టాలు ఇంజను బయటే పైకి పాకుతాయి. వాటి కింది బోల్టుకు మధ్యలో రంధ్రం ఉంటుంది. చాచా ఆ బోల్టు విప్పి, రంధ్రంలో సన్నని తీగ గుచ్చి లాగాడు. ఎర్రటి సిలికాన్ తునక ఒకటి, వానపాములా వంకర తిరిగి, బయటికి వచ్చింది. నా చేతిలో పెట్టాడు. నేను లోపలికి పొంగించిన పేస్టే ఎండి, తెగి, నూనెలో కొట్టుకొచ్చి అక్కడ అడ్డం పడింది. నూనె అందక రాకరు ఇరుసు మీద గీతలు పడ్డాయి. కారకుండా ఉండాలని పూసిన పేస్టే, అందాల్సిన చోటికి నూనెను అందనివ్వలేదు.

* * *

ఇంజను మళ్లీ మొత్తం దింపాం. ఈసారి చాచా కూర్చున్నాడు, నేను చేశాను. అలా రెండు నెలల ఆదివారాల్లో నేర్చుకున్నది ఇది.

చిన్న మూతల ముఖం చదునుగా ఉందో లేదో కంటితో తేలదు. మార్కరు పెన్నుతో ముఖం నిండా అడ్డదిడ్డంగా గీతలు గీయాలి. మందపాటి అద్దం పలక మీద సన్నని వాటర్ పేపరు పరిచి, నూనె చుక్కలు వేసి, మూతను ఎనిమిది అంకె ఆకారంలో నాలుగు సార్లు తిప్పాలి. ఎత్తి చూస్తే గీతలు చెరిగిన చోట గుట్ట, మిగిలిన చోట పల్లం. నా టాపెట్ మూత మధ్యలో గీతలు చెక్కుచెదరలేదు. నేను మెరిపించిన పల్లం అది. గీతలన్నీ సమానంగా చెరిగేదాకా తిప్పాను. చెయ్యి నొక్కకూడదు, మూత బరువే చాలు. తర్వాత ఆ రజను ఒక్క రేణువు మిగలకుండా కిరసనాయిలుతో కడగాలి. పాత ప్యాకింగ్ ముక్కలనైతే తోమకూడదు. థిన్నరులో నాననిచ్చి, చెక్కపుల్ల చెక్కి దానితో గీకితే ముఖానికి గాటు పడకుండా ఊడివస్తాయి.

మరల రంధ్రాల దగ్గర ఒక సంగతి నాకు అసలు తెలియనిది. ఏళ్ల తరబడి గట్టిగా బిగించిన చోట, రంధ్రం చుట్టూ అల్యూమినియం పైకి లేచి చిన్న గట్టులా నిలుస్తుంది. కంటికి కనబడదు. వేలిని అడ్డంగా జారిస్తే తగులుతుంది. మూత ఆ గట్టు మీదే కూర్చుంటుంది, చుట్టూ వెంట్రుకవాసి సందు మిగులుతుంది. పెద్ద డ్రిల్లు బిట్టును చేత్తో పట్టుకుని రంధ్రం మూతి దగ్గర ఒకటి రెండు చుట్లు తిప్పితే ఆ గట్టు పోతుంది. మరలు పోయిన రంధ్రానికి లేతు మిషను దగ్గర కొత్త మరల చుట్ట వేయించాం.

గాటు సంగతి. దాన్ని వెల్డింగు చేసి ముఖం మళ్లీ చదును చేయించే పని పెద్దది. చాచా వద్దన్నాడు. అంచులు లేచిన చోట మాత్రం ఆకురాయితో అతి మెల్లగా దించి, ముఖాలు రెండింటినీ పూర్తిగా జిడ్డు లేకుండా తుడిచి, పేస్టు పలచగా పూశాం. పలచగా అంటే, కింద లోహం రంగు కనిపించేంత పలచగా. పేస్టు ఉన్నది రెండు ముఖాల మధ్య మిగిలిన గరుకును నింపడానికే, వంకరలను సరిచేయడానికి కాదు. దట్టంగా పూస్తే ఎక్కువ ఆగుతుందన్నది భ్రమ. పూశాక కంపెనీ చెప్పినంతసేపు ఆరనివ్వాలి. ఆరకముందే నూనె పోస్తే అంత కష్టమూ వృథా.

రాకరు గొట్టాల బోల్టులకు రాగి వాషర్లు ఉంటాయి. పాతవే మళ్లీ వేస్తే నూనె చెమరుస్తుంది. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది, ఇంక ఒదగదు. కొత్తవి దొరక్కపోతే స్టవ్వు మంట మీద పట్టకారుతో పట్టి, మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచాలి. ఉక్కైతే అలా ముంచితే గట్టిపడేది. రాగికి ఆ బాధ లేదు, కాల్పుతో మెత్తబడి ముంచినా మెత్తగానే ఉంటుంది. పైన పట్టిన నల్ల పొరను తోమేసి వాడుకోవచ్చు. మా వంటింట్లో ఆ పని చేస్తుంటే అమ్మ పక్కన నిలబడి చూసింది. “బంగారం పని చేసేటోళ్లు గిట్లనే కాలుస్తరు” అంది.

ఆయిలు సీళ్లు వేసేటప్పుడు స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపే ఉండాలి. పెదవికి కాస్త గ్రీజు రాయాలి. ఇరుసు మీద తాళంగాడి, మరల అంచులు ఉంటాయి, అవి బ్లేడులా పెదవిని కోస్తాయి. మొదటిసారి నేను అలాగే తోసేశాను. చాచా ఇరుసుకు సన్నని ప్లాస్టిక్ కవరు ముక్క చుట్టి, సీలును దాని మీద నుంచి జార్చి, కవరును లాగేశాడు. ఇరుసు మీద పాత సీలు ఒరుసుకుని గాడి పడి ఉంటే, కొత్త సీలును అదే గాడిలో కూర్చోబెట్టకుండా వెంట్రుకవాసి ముందుకో వెనక్కో కూర్చోబెట్టాలి.

బిగింపుకు వస్తే, ముందు అన్నీ వేళ్లతో. తర్వాత ఒకటి ఇటు, దాని ఎదురుగా ఇంకోటి అటు, మూడు నాలుగు విడతల్లో. ఒకే పక్కన వరసగా బిగించుకుంటూ పోతే రెండో పక్క లేస్తుంది. హెడ్డు నట్లకు టార్కు రెంచీ పట్టి, మాన్యువలులో ఉన్న అంకె దగ్గర ఆపాలి. ఇంజను ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ చూడాలి. ప్రైమరీ కవరుకు మాత్రం చాచా మాట ఒక్కటే: “రబ్బరు అణగాలె, రేకు వంగొద్దు.” వంగిన నా కవరును చెక్క దిమ్మె మీద పెట్టి ఆయనే సరిచేశాడు. ఆ సుత్తి దెబ్బలు వినపడీ వినపడనట్టు ఉన్నాయి.

చివరిది, లీకు వెతకడం. కారుతున్న చోటు వేరు, మనకు కనిపించే చోటు వేరు. బండి నడుస్తుంటే గాలికి నూనె వెనక్కి పాకుతుంది, పైనుంచి కారింది కిందికి జారుతుంది. పై మూత దగ్గర పుట్టిన చుక్కకు అడుగున ఉన్న కవరు నింద మోస్తుంది. అందుకని ముందు ఇంజనును శుభ్రంగా కడిగి ఆరబెట్టి, తెల్లని పొడి చల్లి, నిలబెట్టే కాసేపు నడపాలి. ఎక్కడ నూనె ఊరితే అక్కడ పొడి మీద గీత పడుతుంది. పైనుంచి కిందికి వెతుక్కుంటూ రావాలి. ఈ మాట ఇంట్లో చెప్తే అమ్మ ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. చాచాకు ఫోను చేస్తే “వద్దు సారూ, అండ్ల రాయి ఉంటది. లోపలికి పోతే గీకుతది. పిల్లలకు పూసే పౌడర్ చాలు” అన్నాడు.

* * *

ఈ వానకాలం పాకాల దాకా పోయి వచ్చాను. గణపతిదేవుని కాలంలో, పదమూడో శతాబ్దంలో కట్టిన చెరువు అది. చిన్నప్పుడు బాపు ఇదే బండి పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని అక్కడికి తీసుకెళ్లాడు. నీళ్లు మత్తడి దుంకుతుంటే “నీళ్లు దండుగ పోతున్నయ్ బాపూ” అన్నానట. “పోవాలె బిడ్డా, పోతెనే ఉంటయ్” అన్నాడని అమ్మ చెప్తుంది. నాకు గుర్తు లేదు. గుర్తుంటే ఆ స్క్రూ పెట్టేవాణ్ని కాదేమో.

మత్తడి దగ్గర బండి ఆపి, వంగి గాలిగొట్టం కొస చూశాను. సన్నని నూనె ఆవిరి తడి. అంత ఉండాల్సిందే. ఆ గాటు దగ్గర మాత్రం చెయ్యి పెడితే వేలికి కొంచెం చెమ్మ తగిలింది. చుక్కగా మారదు, నేల మీద పడదు. వారానికోసారి గుడ్డతో తుడుస్తాను. ఏ పేస్టూ దాన్ని పూర్తిగా ఆపలేదు, ఇక ఆపదు కూడా.

స్టాఫు రూములో ఆ పాత ప్రశ్న మళ్లీ వచ్చింది. “ఇప్పుడు కారడం లేదా మరి?” ఈసారి “ఒకచోట చెమరుస్తుంది. అది నేను స్క్రూడ్రైవరు పెట్టిన చోటు” అన్నాను.

ఇంటికొచ్చి బండిని గేటు దగ్గర, ఎప్పటిచోటే నిలబెట్టాను. పొద్దున లేచేసరికి అమ్మ ముగ్గు వేయడం పూర్తయింది. ఇదివరకు బండి స్టాండు దగ్గర మూరెడు జాగా వదిలేసి వేసేది. ఈసారి వదల్లేదు. ఇంజను కిందికి చెయ్యి పోనిచ్చి మరీ చుక్కలు పెట్టింది. లెక్కపెట్టి చూశాను. అన్నీ తెల్లవే.